దశాంశ సంఖ్యల్లో స్థాన విలువ: తరచుగా అడిగే ప్రశ్నలు

దశాంశాలు రాగానే లెక్క తప్పేవాళ్లలో చాలామందికి కూడికలు, గుణకారాలు బాగానే వస్తాయి. వాళ్లు తడబడేది ఆ చుక్కకు అటూ ఇటూ ఉన్న అంకెలు ఒక్కొక్కటీ ఎంతకు సమానమో తేల్చుకోవడం దగ్గర. అది సరిగ్గా అర్థమైతే మిగతా నియమాల్లో సగం బట్టీ పట్టనక్కర్లేదు. పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు, పరీక్ష టెన్షన్‌లో ఉన్న విద్యార్థులు, చిన్నప్పుడు దాటేసిన పాఠాన్ని ఇప్పుడు మళ్లీ పట్టుకున్న పెద్దలు ఎక్కువగా అడిగేవి కింద ఉన్నాయి. వరసగా చదవాలనేం లేదు కానీ మూడో ప్రశ్న మాత్రం వదలకండి.

1. ముఖ విలువ, స్థాన విలువ: తేడా ఏమిటి?

ముఖ విలువ అంటే అంకె ముఖం చూడగానే తెలిసేది. 4 ఎక్కడున్నా దాని ముఖ విలువ నాలుగే. స్థాన విలువ అది కూర్చున్న చోటును బట్టి మారుతుంది. 4.44 తీసుకోండి. మొదటి 4 విలువ నాలుగు. రెండో 4 విలువ నాలుగు పదో వంతులు, అంటే 0.4. మూడో 4 విలువ నాలుగు వందో వంతులు, అంటే 0.04. ఒక్కో అడుగు కుడికి వేసినప్పుడల్లా విలువ పదో వంతుకు పడిపోతుంది. ఎడమకు వేస్తే పది రెట్లు పెరుగుతుంది. మొత్తం పద్ధతి ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది. చుక్క దాటినా ఆ నియమం మారదు.

2. చుక్క తర్వాతి స్థానాల పేర్లు ఏమిటి? ‘దశాంశం’ అంటే మొత్తం సంఖ్యా, ఒక్క స్థానమా?

పాఠ్యపుస్తకాల్లో చుక్క తర్వాత వరసగా దశాంశ స్థానం, శతాంశ స్థానం, సహస్రాంశ స్థానం అని ఉంటాయి. మాట్లాడేటప్పుడు పదో వంతులు, వందో వంతులు, వెయ్యో వంతులు అంటాం. రెండూ ఒకటే.

‘దశాంశం’ అనే మాట దగ్గర తికమక ఉన్న మాట నిజం. దశ, అంశ కలిస్తే పదో భాగం అని అర్థం. ఆ లెక్కన అది చుక్క పక్కనున్న మొదటి స్థానానికే చెందాలి. కానీ చుక్క ఉన్న ఏ సంఖ్యనైనా దశాంశ సంఖ్య అనడం అలవాటైంది. దాంతో ‘దశాంశ స్థానంలో ఏముంది?’ అని అడిగితే చుక్క తర్వాతున్న అంకెలన్నీ చెప్పేసే పిల్లలుంటారు. తప్పు వాళ్లది కాదు. అందుకే నేను ఇక్కడ స్థానాలకు పదో వంతు, వందో వంతు అనే మాటలే వాడాను. ఇంట్లో చెప్పేటప్పుడు మీరూ అలాగే చెప్పి చూడండి. సంస్కృత పేర్లు పరీక్షకు ఎలాగూ నేర్చుకుంటారు.

3. ఎడమవైపు ఒకట్లు, పదులు, వందలు ఉన్నాయి. కుడివైపు పదో వంతులతో మొదలవుతుందేం? ‘ఒకటో వంతు’ ఎందుకు లేదు?

దశాంశాల గురించి అడగదగ్గ మంచి ప్రశ్నల్లో ఇదొకటి. చాలామంది దీన్ని అడిగి, ‘అంతే, అలా గుర్తుపెట్టుకో’ అనిపించుకుని ఊరుకుంటారు.

తేలికైన సమాధానం: ఒకటిని ఒక భాగం చేస్తే వచ్చేది ఒకటే కాబట్టి ‘ఒకటో వంతు’ అంటే మళ్లీ ఒకట్లే. ఇది నిజమే కానీ అసలు చిక్కుముడి దీంతో విడిపోదు. చుక్కే మధ్యలో ఉందని, దానికి అటూ ఇటూ స్థానాలు అద్దంలో బింబాల్లా ఉండాలని మనం మనసులో అనుకుంటాం. ఆ ఊహే తప్పు. నాకూ చాలా ఏళ్లు అలాగే అనిపించేది.

మధ్యలో ఉన్నది ఒకట్ల స్థానం. దానికి ఎడమ పక్కన పదులు, కుడి పక్కన పదో వంతులు. రెండడుగులు ఎడమకు వందలు, రెండడుగులు కుడికి వందో వంతులు. మూడడుగులు ఎడమకు వేలు, మూడడుగులు కుడికి వెయ్యో వంతులు. ఇప్పుడు చూడండి, జతలన్నీ కుదిరాయి. ఒకట్లకు జత లేదు, ఎందుకంటే మధ్యలో కూర్చున్నదానికి జత అక్కర్లేదు.

ఘాతాంకాలు తెలిసినవాళ్లకు ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పదులు అంటే 10కి ఘాతం 1, వందలు అంటే ఘాతం 2. పదో వంతులు ఘాతం −1, వందో వంతులు −2. వీటి నడుమ సున్నా ఘాతం దగ్గర ఉన్నది ఒకటి. సంఖ్యారేఖకు సున్నా ఎలాగో స్థానాల వరసకు ఒకట్ల స్థానం అలాగ.

4. అయితే చుక్క చేసే పని ఏమిటి?

ఒకట్ల స్థానం ఏదో చూపించడం, అంతే. ‘నా ఎడమ పక్కనున్నది ఒకట్ల అంకె’ అని చెప్పే గుర్తు అది. చుక్కకు సొంత స్థానం లేదు, సొంత విలువ లేదు.

గుర్తు లేకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. సుమారు 4000 ఏళ్ల కిందటి బాబిలోనియన్లు అరవై ఆధారంగా స్థాన విలువ పద్ధతి వాడారు. ఒకటి కన్నా చిన్న భాగాలనూ అదే వరసలో రాసేవారు. కానీ ఒకట్ల స్థానం ఎక్కడుందో చూపే గుర్తు వాళ్ల దగ్గర లేదు. ఒకటి అని రాసినా, అరవై అని రాసినా, అరవయ్యో వంతు అని రాసినా చూడ్డానికి ఒకేలా ఉండేది. సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

గుర్తు ఉన్నా తప్పు చోట ఉంటే ఇంకో రకం గొడవ. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పద్నాలుగేళ్ల జిమ్నాస్ట్ నాదియా కొమనేచి పదికి పది మార్కులు తెచ్చుకుంది. స్కోరు బోర్డు మాత్రం 1.00 అని చూపించింది. ఆ బోర్డులో చుక్కకు ఎడమవైపు ఒక్క అంకెకే చోటు ఉంది. పది రావడం జరగని పని అనుకుని పదుల స్థానమే పెట్టలేదు. అంకెలు అవే, ఒకటీ రెండు సున్నాలూ. ఒకట్ల స్థానం ఒక అడుగు పక్కకు జరిగేసరికి పదో వంతు మార్కులయ్యాయి.

5. 0.35, 0.4లలో ఏది పెద్దది? 35 పెద్దదే కదా?

0.4 పెద్దది. ఈ తప్పు ఎంత మామూలంటే, గణిత బోధన మీద పరిశోధన చేసేవాళ్లు దీనికి ‘పొడవున్నదే పెద్దది’ అనే పేరే పెట్టారు. పూర్ణ సంఖ్యల్లో అంకెలు ఎక్కువున్నదే పెద్దది. 35 ఎప్పుడూ 4 కన్నా పెద్దదే. పిల్లలు కొన్నేళ్లపాటు ఆ నియమంతోనే గెలుస్తూ వచ్చారు. దశాంశాల్లోకి రాగానే అది పనిచేయదని వాళ్లకెవరూ చెప్పరు.

పోల్చే పద్ధతి ఇది. అన్నిటికన్నా ఎడమనున్న స్థానం నుంచి మొదలుపెట్టండి. 0.35లో, 0.4లో ఒకట్లు సున్నా, సమానం. పదో వంతులు ఒకదాంట్లో 3, రెండోదాంట్లో 4. తేలిపోయింది. 0.35లో 3 తర్వాత ఏ అంకెలు వచ్చినా, 0.39999 అయినా, నాలుగు పదో వంతుల్ని దాటలేదు. కుడివైపు ఎన్ని స్థానాలు కలిపినా అవన్నీ కలిసి ఒక్క పదో వంతుకు చేరవు.

ఇంకా నమ్మకం కుదరకపోతే రెండిటినీ వందో వంతుల్లోకి మార్చండి. 0.4 అంటే 0.40, నలభై వందో వంతులు. 0.35 ముప్పై అయిదు వందో వంతులు. ఇప్పుడు ఒకే కొలతలో ఉన్నాయి కాబట్టి 40 పెద్దదని ఎవరైనా చెబుతారు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘వందో వంతులు చిన్న ముక్కలు, కాబట్టి వందో వంతులున్న సంఖ్య చిన్నది’ అనుకుని 0.35 కన్నా 0.2 పెద్దదనేవాళ్లు. వీళ్లకు సగం అర్థమైంది. ముక్క చిన్నదని తెలిసింది, ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టడం మరిచిపోయారు. ఇలాంటివాళ్లు ఎక్కువ తప్పులు చేయరు కాబట్టి దొరకరు కూడా. 0.35, 0.4 అడిగితే సరైన జవాబే చెబుతారు, తప్పు కారణంతో. అందుకే జవాబుతో సరిపెట్టకుండా ఎందుకని అడగాలి.

6. 0.35ను ‘పాయింట్ ముప్పై అయిదు’ అని చదవొచ్చా?

వినేవాళ్లకు అర్థమవుతుంది కానీ నేర్చుకునే దశలో వద్దు. పై ప్రశ్నలోని తప్పుకు ఈ అలవాటే సగం కారణం. ‘పాయింట్ ముప్పై అయిదు, పాయింట్ నాలుగు’ అని చెవిన పడ్డాక ముప్పై అయిదు పెద్దదనిపించడంలో ఆశ్చర్యం ఏముంది? ‘సున్నా పాయింట్ మూడు అయిదు’ అని విడివిడిగా చదవండి. విలువ కూడా తెలియాలంటే ‘ముప్పై అయిదు వందో వంతులు’ అని చదవండి. ఇది రెండిటికన్నా మేలు, ఎందుకంటే ఇలా చదివితే భిన్నం దానంతట అదే బయటపడుతుంది: 35/100.

7. సున్నాలను ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయొచ్చు?

సున్నా చేసే పని చోటు కాపాడటం. 0.05లో పదో వంతుల చోట ఉన్న సున్నా తీసేస్తే 5 ముందుకు జరిగి 0.5 అవుతుంది, విలువ పది రెట్లు పెరుగుతుంది. ఆ సున్నాను ముట్టుకోకూడదు. 0.50లో చివరి సున్నా వెనక ఇంకెవరూ లేరు. అది పోయినా 5 కదలదు. కాబట్టి 0.5, 0.50, 0.500 అన్నీ విలువలో ఒకటే. పూర్ణ సంఖ్యల్లో దీనికి తలకిందులు: 50లో చివరి సున్నా తీసేస్తే కొంప మునుగుతుంది, 05లో ముందు సున్నా ఉన్నా లేకున్నా ఒకటే.

విలువ ఒకటే అయినా చెప్పే సంగతి ఒకటి కాకపోవచ్చు. కొలతల్లో 2.5 మీటర్లు అంటే పదో వంతు వరకు చూసి కొలిచామని. 2.50 మీటర్లు అంటే వందో వంతు వరకు చూశాం, అక్కడ సున్నా వచ్చింది అని. సైన్సు ప్రయోగాల్లో ఈ తేడాకు మార్కులుంటాయి.

మందుల మోతాదు రాసేటప్పుడు మాత్రం పద్ధతి వేరు, అది తెలిసి ఉండటం మంచిది. చుక్కకు ముందు సున్నా తప్పక రాయాలి, చివర అనవసరపు సున్నా రాయకూడదు. ‘.5 మి.గ్రా.’ అని రాస్తే చుక్క కనబడక 5 అనుకోవచ్చు. ‘5.0’ అని రాస్తే 50 అనుకోవచ్చు. రెండు సందర్భాల్లోనూ రోగికి పది రెట్ల మోతాదు పడుతుంది.

8. 3.47లో వందో వంతులు ఎన్ని? ఏడా, మూడు వందల నలభై ఏడా?

రెండూ సరైనవే, ప్రశ్న ఏదన్నదాన్ని బట్టి. ‘వందో వంతుల స్థానంలో ఉన్న అంకె ఏది?’ అంటే 7. ‘మొత్తం ఎన్ని వందో వంతులున్నాయి?’ అంటే 347. ఒక్కో ఒకటిలో వంద వందో వంతులు, ఒక్కో పదో వంతులో పది ఉంటాయి కదా. 300, 40, 7 కలిపితే 347.

ఇది మాటల గారడీలా కనిపిస్తుంది కానీ భాగహారంలో దీనికే పని. 6 ÷ 0.1 చేస్తే 60 ఎందుకొస్తుంది, భాగిస్తే తగ్గాలి కదా అని అడుగుతుంటారు. 6 ÷ 0.1 అంటే ‘ఆరులో పదో వంతులు ఎన్ని?’ అని. అరవై.

9. 10తో గుణిస్తే చుక్క ఒక స్థానం కుడికి జరుగుతుంది. ఇది సరైన వివరణేనా?

జవాబు సరిగ్గానే వస్తుంది. వివరణ మాత్రం తలకిందులు. చుక్క ఒకట్ల స్థానానికి గుర్తు అనుకున్నాం. గుర్తు ఎక్కడికీ పోదు, అంకెలే కదులుతాయి. 3.47ను 10తో గుణిస్తే మూడు ఒకట్లు మూడు పదులవుతాయి, నాలుగు పదో వంతులు నాలుగు ఒకట్లవుతాయి, ఏడు వందో వంతులు ఏడు పదో వంతులవుతాయి. ప్రతి అంకె ఒక మెట్టు పైకెక్కింది: 34.7.

కాగితం మీద చుక్కను జరపడమే సులువు, నేనూ అలాగే చేస్తాను. కానీ ‘కుడికా, ఎడమకా?’ అన్న అనుమానం వచ్చినప్పుడు గుర్తు తెచ్చుకోవాల్సింది అంకెల కదలికనే. ‘10తో గుణిస్తే చివర సున్నా పెట్టాలి’ అన్న పాత నియమం ఎందుకు పనికిరాదో కూడా దీంతో తెలుస్తుంది. 3.47 చివర సున్నా పెడితే 3.470. ఏ అంకే కదల్లేదు, విలువా మారలేదు.

10. కూడేటప్పుడు చుక్కలు ఒకదాని కింద ఒకటి రావాలంటారు. ఎందుకు?

చుక్కలు కలిస్తే ఒకట్ల కింద ఒకట్లు, పదో వంతుల కింద పదో వంతులు వస్తాయి. ఒకే రకం ముక్కల్నే కలిపి లెక్కపెట్టగలం. 2.5 + 0.13లో కుడి అంచులు కలిపితే 5 పదో వంతులు, 3 వందో వంతులు కలిసి 8 అవుతాయి. ఎనిమిది ఏమిటో ఎవరికీ తెలియదు. సరిగ్గా పేర్చితే 2.63. తీసివేతకూ ఇదే.

11. గుణకారంలో చుక్కలు కలపక్కర్లేదంటారు. పైగా 0.3 × 0.2 = 0.06. గుణిస్తే తగ్గిందేమిటి?

తగ్గాలి. 0.3 × 0.2 అంటే మూడు పదో వంతుల్లో రెండు పదో వంతులు తీసుకోవడం. భాగంలో భాగం అసలు కన్నా చిన్నదే. ‘గుణిస్తే పెరుగుతుంది’ అన్నది ఒకటి కన్నా పెద్ద సంఖ్యలతో ఏర్పడిన అలవాటు.

0.6 కాకుండా 0.06 ఎందుకన్నది స్థానాల్లోనే ఉంది. గళ్ల కాగితం మీద పదికి పది గళ్ల చదరం గీసి, మొత్తం చదరం ఒకటి అనుకోండి. అడ్డంగా ఒక్కో వరస పదో వంతు, నిలువుగా ఒక్కో వరస పదో వంతు. మూడు నిలువు వరసలు, రెండు అడ్డ వరసలు కలిసే చోట ఆరు గళ్లుంటాయి. చదరం మొత్తంలో గళ్లు వంద. అంటే ఆరు వందో వంతులు. పదో వంతులో పదో వంతు వందో వంతు. ‘చుక్క తర్వాత అంకెలు లెక్కపెట్టి కూడు’ అనే నియమం వెనకున్నది ఇదే. స్థాన విలువను బొమ్మలో చూపాలంటే ఈ వంద గళ్ల చదరాన్ని మించింది నాకు కనిపించలేదు. ఐదో ప్రశ్నలోని 0.35, 0.4లకూ ఇదే చదరంలో రంగులు వేయించి చూడండి.

12. భిన్నాల్లో కొన్ని దశాంశాలుగా మారితే ఆగుతాయి, కొన్ని ఆగవు. ఎందుకు?

మన స్థానాలన్నీ 10, 100, 1000 వంతులవి. ఒక భిన్నం ఆగాలంటే దాని హారాన్ని వీటిలో ఏదో ఒకటిగా మార్చగలగాలి. 10 అంటే 2 × 5. కాబట్టి కనిష్ఠ రూపంలో హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేకపోతేనే అది ఆగుతుంది. పావు 25/100 కాబట్టి 0.25. 3/8 అంటే 375/1000, 0.375. పావులో పావైన వీసం, అంటే పదహారో వంతు, 0.0625 దాకా వెళ్లి ఆగుతుంది.

3ను ఎన్నితో గుణించినా 10 గానీ 100 గానీ రాదు. అందుకే 1/3 = 0.333... సాగుతూనే ఉంటుంది. 1/7 అయితే చుక్క తర్వాత 142857 అనే ఆరంకెల గుంపును తిప్పి తిప్పి రాస్తుంది. ఇది ఆ భిన్నం లోపం కాదు, పది అనే ఆధారం ఎంచుకున్నందుకు కట్టే మూల్యం. బాబిలోనియన్ల అరవై పద్ధతిలో మూడో వంతు చక్కగా ఇరవై అరవయ్యో వంతులు. గంటలో మూడో వంతు ఇరవై నిమిషాలు అని మనం తడుముకోకుండా చెప్పేది వాళ్ల పుణ్యమే.

13. 0.999... నిజంగా 1కి సమానమా, దగ్గరగా ఉంటుందా?

సమానమే. 1/3 = 0.333... అని ఒప్పుకుంటే రెండువైపులా మూడుతో గుణించండి. ఒకవైపు 1, రెండోవైపు 0.999... వస్తాయి. ఇంకా శంకిస్తే, రెండిటి మధ్య తేడా ఎంతో చెప్పమనండి. పదో వంతు కన్నా తక్కువ, వందో వంతు కన్నా తక్కువ, ఏ స్థానం చెప్పినా దానికన్నా తక్కువ. అలాంటి తేడా సున్నా ఒక్కటే. ఒకే విలువను రెండు రకాలుగా రాయొచ్చని దీని అర్థం. 0.5, 0.50 లాగే అనుకోండి, కాస్త విడ్డూరంగా.

14. 0.4 తర్వాతి సంఖ్య 0.5 కదా?

పదో వంతుల్లోనే లెక్కపెడితే అంతే. కానీ మధ్యలో 0.41, 0.42... ఉన్నాయి. 0.41కీ 0.42కీ మధ్య 0.411 ఉంది. కుడికి ఇంకో స్థానం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దశాంశాల్లో ‘తర్వాతి సంఖ్య’ అనే మాటకే అర్థం లేదు.

15. దశాంశాలను సవరించేటప్పుడు (రౌండ్ చేసేటప్పుడు) ఎక్కడ తప్పు చేస్తారు?

ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, కుడి చివర నుంచి ఒక్కో అంకెనే సవరించుకుంటూ రావడం. 2.449ని దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించమంటే 2.45, తర్వాత 2.5, తర్వాత 3 అంటారు. తప్పు. కావల్సిన స్థానానికి వెంటనే కుడి పక్కనున్న అంకెనే చూడాలి. ఒకట్లకు సవరించాలంటే పదో వంతుల అంకె 4. అయిదు కన్నా తక్కువ, కాబట్టి 2.

రెండోది, 7.96ను పదో వంతుకు సవరించినప్పుడు 7.10 అనో, ఉత్త 8 అనో రాయడం. తొమ్మిది పదో వంతులకు ఇంకొకటి కలిస్తే పది పదో వంతులు, అంటే ఒక ఒకటి. అది ఎడమకు వెళ్లిపోతుంది. సరైన జవాబు 8.0. పదో వంతు వరకు చూశామని ఆ సున్నా చెబుతుంది.

16. వెయ్యో వంతు దాకా వెళ్లడం ఎప్పుడైనా అవసరమా?

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లీ ఈత పోటీలో స్వీడన్‌కు చెందిన గున్నర్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెకీ ఇద్దరూ 4 నిమిషాల 31.98 సెకన్లలోనే గమ్యం చేరారు. వందో వంతుల దాకా సమానం. వెయ్యో వంతులు చూస్తే 31.981, 31.983. ఆ 0.002 సెకన్లతో లార్సన్‌కు స్వర్ణం దక్కింది. తర్వాత ఈత పోటీల్లో వందో వంతు దగ్గరే ఆపాలని, అక్కడ సమానమైతే ఇద్దరినీ విజేతలుగానే చూడాలని నియమం మార్చారు. నా దృష్టిలో సరైన నిర్ణయం. కొలను కట్టడంలో వరసకూ వరసకూ ఉండే తేడాయే ఆ వెయ్యో వంతుల్లో ఈదే దూరం కన్నా ఎక్కువ ఉండొచ్చు. స్థానం రాయగలిగినంత మాత్రాన దానికి అర్థం ఉన్నట్టు కాదు.

17. ఈ పద్ధతిని ఎవరు కనిపెట్టారు?

ఒక్కరు కాదు. ‘స్థానాత్ స్థానం దశగుణం స్యాత్’, స్థానం నుంచి స్థానానికి పది రెట్లు అని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. అయితే ఆయన చెప్పింది ఎడమవైపు పెరిగే స్థానాల గురించి. ఒకటి కన్నా చిన్నవాటిని అప్పట్లో లవం, హారం పెట్టి భిన్నాలుగానే రాసేవారు. అదే నియమాన్ని ఒకట్ల నుంచి కుడికి కొనసాగించడం పదో శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన అల్ ఉఖ్లీదిసీ రాతల్లో కనిపిస్తుంది. పదిహేనో శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ దాన్ని విస్తారంగా వాడి, π (పై) విలువను చుక్క తర్వాత 16 స్థానాల వరకు లెక్కగట్టాడు.

యూరప్‌లో 1585లో సైమన్ స్టెవిన్ దీన్ని సామాన్యుల లెక్కల్లోకి తెచ్చాడు. ఆయన చుక్క పెట్టలేదు. ప్రతి అంకె పక్కన సున్న చుట్టి అందులో స్థానం సంఖ్య రాశాడు: పదో వంతులకు 1, వందో వంతులకు 2. ఒకట్లకు ఏం రాశాడో తెలుసా? 0. మధ్య ఎక్కడో ఆయనకు బాగా తెలుసు. రాయడానికి చిరాకైన ఆ పద్ధతి నిలవలేదు. పదిహేడో శతాబ్దం మొదట్లో జాన్ నేపియర్ సంవర్గమానాల (లాగరిథమ్‌ల) పట్టికలతో చుక్క వ్యాప్తిలోకి వచ్చింది.

18. కొన్ని చోట్ల చుక్క బదులు కామా కనిపిస్తుంది. అచ్చుతప్పా?

కాదు. ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాల్లో కామానే దశాంశ గుర్తు. వాళ్ల 3,14 మన 3.14. 2003లో తూనికలు, కొలతల సర్వసభ్య సమావేశం చుక్క, కామా రెండూ చెల్లుతాయని తేల్చింది. ఆ దేశాల నుంచి వచ్చిన స్ప్రెడ్‌షీట్ తెరిచినప్పుడు 1.234 కనిపిస్తే అది ఒకటికి కాస్త ఎక్కువా, లేక చుక్కను వేలు విడదీయడానికి పెట్టారు కాబట్టి వెయ్యికి పైనా అన్నది చూసుకోండి.

19. చుక్క ఉన్నవన్నీ దశాంశాలేనా?

కావు. క్రికెట్‌లో 19.3 ఓవర్లు అంటే పంతొమ్మిది ఓవర్ల మూడు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి దశాంశంలో అది 19.5. రన్ రేట్ కట్టేటప్పుడు 19.3తో భాగిస్తే తప్పొస్తుంది. సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో 3.9 తర్వాత 3.10, 3.11 వస్తాయి, అక్కడ చుక్క ఉత్త విభజన గీత. 1.5 గంటలు గంటన్నర, గంటా యాభై నిమిషాలు కాదు. కుడి పక్క స్థానం ఎడమదానిలో పదో వంతేనా అని అడిగి చూడండి. కాకపోతే అది దశాంశం కాదు.

20. కంప్యూటర్‌లో 0.1 + 0.2 చేస్తే 0.30000000000000004 వస్తోంది. యంత్రానికే లెక్క రాదా?

లెక్క వచ్చు, స్థానాలు వేరు. కంప్యూటర్ రెండు ఆధారంగా రాసుకుంటుంది. దాని చుక్క తర్వాత సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు ఉంటాయి. పన్నెండో ప్రశ్నలోని సూత్రం గుర్తుందా? అక్కడ హారానికి 2 తప్ప వేరే కారణాంకం ఉంటే ఆగదు. 1/10 హారంలో 5 ఉంది. మనకు 1/3 ఎలాగో దానికి 0.1 అలాగ. ఎక్కడో కోసేయక తప్పదు, ఆ ముక్క తేడా చివర బయటపడుతుంది.

ఒక్కోసారి ఇది ప్రాణాల మీదికి వచ్చింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైన్యపు పేట్రియాట్ క్షిపణి నిరోధక వ్యవస్థ దూసుకొస్తున్న శత్రు క్షిపణిని పట్టుకోలేకపోయింది. దాని గడియారం పదో వంతు సెకన్లలో లెక్కపెట్టేది, 0.1ను 24 బిట్లకు, అంటే రెండు ఆధారంగా రాసిన 24 అంకెలకు కోసి వాడేది. సుమారు వంద గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ చిన్న తేడా 0.34 సెకన్లకు పేరుకుంది. 28 మంది సైనికులు చనిపోయారు.

21. మా అబ్బాయికి స్థాన విలువ అర్థమైందో లేదో ఒక్క ప్రశ్నతో తెలుసుకోవచ్చా?

0.4, 0.35, 0.405 ఇచ్చి చిన్నదాని నుంచి పెద్దదాకా రాయమనండి. 0.35, 0.4, 0.405 అని రాస్తే సరే, కారణం కూడా అడగండి. 0.4, 0.35, 0.405 అని రాస్తే పొడవున్నదే పెద్దదనుకుంటున్నాడు, చుక్క తర్వాతి భాగాన్ని పూర్ణ సంఖ్యలా చదువుతున్నాడు. 0.405, 0.35, 0.4 అని రాస్తే పొట్టిదే పెద్దదనుకుంటున్నాడు, ముక్క సైజు తెలిసి లెక్క మరిచాడు. 0.4, 0.405 సమానమంటే రెండు స్థానాల తర్వాత చూడటం మానేశాడు. మొదటి రెండు తప్పులకూ వంద గళ్ల చదరం తీయండి. మూడోదానికి అందులో ఒక గడిని మళ్లీ పది చీలికలు చేసి, అయిదింటికి రంగు వేయించండి.